నాటినవారి తరువాత
(హోసూరు తెలుగు మాధ్యమ పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనిషికి డెబ్బయి అయిదేళ్లంటే వార్ధక్యం. పాఠశాలకు ఆ లెక్క వర్తించదు. ప్రతి జూన్ నెలలోనూ అది మళ్లీ అయిదేళ్ల బిడ్డతో అక్షరాభ్యాసం మొదలుపెడుతుంది. అయితే పాఠశాలను నడిపేవారు మాత్రం మనుషులే. వారికి వయసు వస్తుంది, పదవీ విరమణ వస్తుంది, మరణమూ వస్తుంది. కనుక ఇటువంటి ఉత్సవవేళ గతవైభవాన్ని స్మరించడంతో పాటు ఒక కఠినమైన ప్రశ్న కూడా వేసుకోవడం మన ధర్మం. నాటినవారు వెళ్లిపోయిన తరువాత సంస్థ దేని ఆధారంగా నిలుస్తుంది? తన ఊరి పొలిమేర దాటి విస్తరించినప్పుడు అది తన స్వభావాన్ని ఎలా కాపాడుకొంటుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈనాటి నా ప్రసంగ విషయం.

సమాధానం కోసం దూరం పోనక్కరలేదు. మన హోసూరు, కృష్ణగిరి పట్టణాల మీదుగా సాగే జాతీయ రహదారిని చూడండి. ఒకప్పుడు దానిని 7వ నంబరు అనేవారు, ఇప్పుడు 44వ నంబరు. ఆ దారిలో దక్షిణంగా సేలం, దిండిగల్ దాటి వెళితే మదురై వస్తుంది. ఉత్తరంగా అనంతపురం, కర్నూలు దాటి వెళితే హైదరాబాదు వస్తుంది. ఆ రెండు కొసల రెండు నేత్రవైద్య సంస్థలున్నాయి. ఒకటి అరవింద్, మరొకటి ఎల్.వి.ప్రసాద్. ఈ రెండూ కళ్లకు చికిత్స చేస్తాయని అందరికీ తెలుసు. ప్రపంచంలోని అనేక దేశాల వైద్యులకు, నిర్వాహకులకు, సాంకేతిక సహాయకులకు వృత్తి శిక్షణనిచ్చే విద్యాపీఠాలు కూడా ఇవేనన్న సంగతి అంతమందికి తెలియదు. రెండింటిలోనూ వ్యవస్థాపకుల నుండి తరువాతివారికి నాయకత్వం మారింది. రెండూ ఆ పరీక్షకు నిలిచాయి.

మొదట మదురై సంగతి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు 1918 అక్టోబరు 1న దక్షిణ తమిళనాట వడమలాపురం గ్రామంలో జన్మించారు. అది నల్లరేగడి సీమ. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి సేద్యం చేసుకొంటున్న నేల. ఆయన 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాల నుండి పట్టభద్రులై సైన్యంలో వైద్యుడిగా చేరారు. తీవ్రమైన కీళ్లవాతం సోకి 1948లో సైన్యాన్ని వీడవలసి వచ్చింది. చేతివేళ్లు వంకరలు తిరిగాయి. అయినా నేత్రవైద్యం అభ్యసించి, ఆ వేళ్లకే శస్త్రాన్ని పట్టుకొనే విద్య నేర్పి, తన జీవితకాలంలో లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేశారు. ప్రభుత్వోద్యోగ విరమణ తరువాత, 1976లో, ఒక ఇంట్లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. శ్రీ అరవిందుల మీది భక్తితో ఆ పేరు పెట్టారు. తోబుట్టువులు, వారి జీవిత భాగస్వాములు ఆయన వెంట నిలిచారు. కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టి మరీ ఆసుపత్రిని నిలబెట్టింది.

ఆ ఆసుపత్రి పద్ధతిని రెండు మాటల్లో చెబుతాను. శస్త్రవైద్యుని సమయం అన్నిటికంటే విలువైనది. అందుచేత ఆయన నైపుణ్యం అవసరమైన పని మాత్రమే ఆయన చేస్తారు. రోగిని సిద్ధం చేయడం, పరికరాలు అందించడం, చూపు కొలవడం, ధైర్యం చెప్పడం శిక్షణ పొందిన సహాయకులు చేస్తారు. ఒక బల్ల మీద శస్త్రచికిత్స ముగిసేసరికి పక్క బల్ల మీద మరొక రోగి సిద్ధంగా ఉంటాడు. ఇక డబ్బు విషయం. ఇచ్చుకోగలవారు ఇస్తారు, వారు ఇచ్చిన దానితో ఇవ్వలేనివారికి ఉచితంగానో స్వల్ప రుసుముతోనో చికిత్స జరుగుతుంది. శుక్లం తీసిన కంటిలో అమర్చే కటకం విదేశాల నుండి తెచ్చుకొనే రోజుల్లో సుమారు 100 డాలర్ల ధర పలికేది. 1992లో ఆరోలాబ్ అనే తయారీశాలను నెలకొల్పి, దానిని 10 డాలర్ల ప్రాంతానికి తీసుకొచ్చారు. తరువాతి కాలంలో ఆ ధర మరింత తగ్గింది, ఆ కటకాలు వందకు పైగా దేశాలకు ఎగుమతి అయ్యాయి.

ఆ 1992వ సంవత్సరంలోనే మరొక పని జరిగింది. నేటి ప్రసంగానికి అదే ముఖ్యం. లయన్స్ క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ, సేవా ఫౌండేషన్ల తోడ్పాటుతో మదురైలో లయన్స్ అరవింద్ సామాజిక నేత్రవైద్య సంస్థ ఏర్పడింది. దానిని క్లుప్తంగా లైకో అంటారు. అంధత్వ నివారణలో పనిచేసేవారికి ఆసియాలో ఏర్పడిన మొదటి అంతర్జాతీయ శిక్షణాలయం అది. అరవింద్ విజయం దేశదేశాలకు తెలిసిన రోజులవి. విదేశాల్లో శాఖలు తెరవడం ఒక మార్గం. వారు దానికి బదులు నేర్పే మార్గాన్ని ఎంచుకొన్నారు.

ఆ నేర్పే తీరు గమనించదగినది. ఒక ఆసుపత్రి సహాయం కోరితే ముందుగా లైకో వారే అక్కడికి వెళతారు. ఎందరు రోగులు వస్తున్నారు, ఎన్ని పడకలు ఖాళీగా ఉంటున్నాయి, వైద్యుల సమయం ఎక్కడ వృథా అవుతున్నది అని పరిశీలిస్తారు. తరువాత ఆ ఆసుపత్రి నుండి వైద్యుడు, నిర్వాహకుడు, నర్సు అందరూ ఒక జట్టుగా మదురై వస్తారు. ఆసుపత్రి నడిచే తీరును కళ్లారా చూసి, తమ ఆసుపత్రికి తగిన ప్రణాళికను తామే రాసుకొంటారు. కొంతకాలానికి లైకో వారు మళ్లీ వెళ్లి ఆ ప్రణాళిక ఎంతవరకు అమలయిందో చూస్తారు. ఒక్క వైద్యునికే నేర్పి పంపితే, అతడు తిరిగి వెళ్లాక చుట్టూ ఉన్నవారు మారక, నేర్చినది అటకెక్కుతుంది. జట్టుకు నేర్పితే పద్ధతి పాదుకొంటుంది. ఈ విధంగా సుమారు 30 దేశాలలో 300కు పైబడిన ఆసుపత్రులు ఆ శిక్షణ పొందాయి.

కృష్ణగిరి మామిడి రైతులకు ఈ విషయం నేను వివరించనక్కరలేదు. మంచి చెట్టును వేళ్లతో పెళ్లగించి మరొక ఊరికి మోసుకుపోరు. ఆ ఊరి నేలలో మొలిచిన మొక్కకే మంచి చెట్టు కొమ్మను అంటు కడతారు. వేరు ఆ నేలది, కాయ తల్లిచెట్టుది. పరదేశంలో విద్య నిలవాలంటే ఆ దేశపు వేరు మీదనే నిలవాలి.

ఇక హైదరాబాదు సంగతి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరు వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీలో నేత్రవైద్యం అభ్యసించి, అమెరికాలో పేరు తెచ్చుకొని, స్వదేశానికి తిరిగివచ్చారు. ప్రసిద్ధ చలనచిత్ర దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబం భూమిని, ధనాన్ని విరాళంగా ఇవ్వగా 1987లో హైదరాబాదులో నేత్రవైద్య సంస్థ వెలసింది. దాత పేరే సంస్థకు పేరయింది. ఆ సంస్థ గ్రామం నుండి మహానగరం వరకు మెట్లుమెట్లుగా ఒక ఏర్పాటు చేసింది. యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, అయిదు లక్షల మందికి ఒక చిన్న ఆసుపత్రి, యాభై లక్షల మందికి ఒక పెద్ద ఆసుపత్రి, అయిదు కోట్ల మందికి అత్యున్నత కేంద్రం. అట్టడుగు మెట్టున, గ్రామ దృష్టి కేంద్రంలో కూర్చొని కళ్లు పరీక్షించేది వైద్యుడు కాదు. ఆ ప్రాంతంలోనే పుట్టి, అక్కడి బడిలో చదువుకొని, ఏడాదిపాటు శిక్షణ పొందిన యువతీయువకులే ఆ పని చేస్తారు. వచ్చిన వృద్ధురాలితో ఆమె మాటలోనే మాట్లాడగలగడం వారి అర్హతలలో ఒకటి.

1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థ కలసి ‘విజన్ 2020’ ఉద్యమాన్ని ప్రారంభించాయి. అప్పటి అంచనా ప్రకారం లోకంలో 4.5 కోట్ల మంది అంధులున్నారు. వారిలో నూటికి 80 మంది అంధత్వం నివారించగలిగినదో, నయం చేయగలిగినదో. ఆ కాలంలో నాగేశ్వరరావు గారు ఆ అంతర్జాతీయ సంస్థకు ప్రధాన కార్యదర్శిగా, తదుపరి 2008 వరకు అధ్యక్షులుగా పనిచేశారు. ఒక తెలుగు పల్లెకు తగినట్లు అల్లిన ఏర్పాటు ఆ విధంగా ప్రపంచ చర్చలోకి వెళ్లింది. 2017లో పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దేశ రాజధాని మన్రోవియాలో ఆ దేశ ప్రభుత్వ వైద్యశాల ఆవరణలోనే ఒక నేత్ర కేంద్రాన్ని నెలకొల్పడానికి హైదరాబాదు సంస్థ తోడ్పడింది. లైబీరియా యువకులు హైదరాబాదు వచ్చి పని నేర్చుకొని వెళ్లారు. ఇక్కడా అంటు కట్టే పద్ధతే.

ఇప్పుడు నాయకత్వ మార్పు విషయానికి వద్దాం. వెంకటస్వామి గారు 2006 జులై 7న పరమపదించారు. అటువంటి మహావృక్షం కూలితే నీడ పోతుందని భయపడటం సహజం. అయితే ఆయన జీవించి ఉండగానే దైనందిన బాధ్యతలను తన తరువాతివారికి అప్పగిస్తూ వచ్చారు. ఆయన సోదరి భర్త డాక్టర్ పి. నంపెరుమాళ్‌స్వామి గారు నాయకత్వం వహించారు. 2010లో ఆ బాధ్యత డాక్టర్ ఆర్.డి. రవీంద్రన్ గారికి సంక్రమించింది. సంస్థ కుంగలేదు. 2008లో గేట్స్ పురస్కారం, 2010లో హిల్టన్ మానవసేవా పురస్కారం దానిని వరించాయి. 2017లో చెన్నైలోను, 2019లో తిరుపతిలోను కొత్త ఆసుపత్రులు వెలిశాయి. మదురైలో మొలిచిన సంస్థ ఏడుకొండలవాని పాదాల చెంత తెలుగువారి కళ్లకు వెలుగు పంచుతున్నది. హైదరాబాదు సంస్థలోనూ వ్యవస్థాపకులు తమ జీవితకాలంలోనే కార్యనిర్వాహక బాధ్యతను డాక్టర్ ప్రశాంత్ గర్గ్ గారికి అప్పగించారు. ఒకచోట బాధ్యత ఎక్కువగా కుటుంబంలోనే సాగింది, మరొకచోట కుటుంబం వెలుపలి సహచరునికి దక్కింది. మార్గాలు వేరయినా ఫలితం ఒక్కటే, పని ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? నా విన్నపం ఇక్కడే ఉంది. దయచేసి శ్రద్ధగా వినండి. ఈ రెండు సంస్థలు పరాయివారికి నేర్పడం మొదలుపెట్టిన రోజునే, తెలిసో తెలియకో, తమ వారసులను కూడా తయారు చేసుకోవడం మొదలుపెట్టాయి. ఎదుటివానికి నేర్పాలంటే తనకు తెలిసినది తన తలలోనే దాచుకొంటే చాలదు. దానిని మెట్లుగా విడదీయాలి, కాగితం మీద పెట్టాలి, ‘ఇలా ఎందుకు చేస్తున్నారు?’ అని అడిగినవానికి జవాబు చెప్పాలి. ఆ జవాబులు ఏర్పడిన తరువాత విద్య ఒక మనిషి సొత్తు కాక సంస్థ సొత్తు అవుతుంది. ఆ మనిషి వెళ్లిపోయినా విద్య వెళ్లదు. విద్యాధనం పంచితే పెరుగుతుందని మన పెద్దలు చెప్పినదాని ఆచరణరూపం ఇదే.

ఒక ఆక్షేపణకు కూడా సమాధానం చెప్పాలి. అందరికీ నేర్పితే మన ప్రత్యేకత పోదా అని కొందరు శంకిస్తారు. వ్యాపారంలో ఆ శంకకు తావుండవచ్చు. కానీ గ్రుడ్డితనం వంటి శత్రువు ఎదుట ఉన్నప్పుడు పక్క ఆసుపత్రి పోటీదారు కాదు, తోటి సైనికుడు. నిరక్షరాస్యత విషయంలో పాఠశాలలకూ ఇదే న్యాయం. మరొక శంక కూడా ఉంది. వ్యవస్థాపకుని తపనను కాగితం మీద రాసి అందించగలమా? పూర్తిగా అందించలేము. తపన పుస్తకంతో రాదు, సహవాసంతో వస్తుంది. అందుచేతనే పై ఇద్దరు మహానుభావులు వారసులను చివరి రోజున వెదకలేదు, ఏళ్ల తరబడి పక్కన నిలుపుకొని పని చేయించారు. రాసిపెట్టినది చేతికి దారి చూపుతుంది. కలసి చేసినది మనసుకు దారి చూపుతుంది. రెండూ కావాలి.

మన హోసూరులోనే దీనికి దగ్గరి నిదర్శనం ఉంది. 1984లో టాటా సంస్థ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలసి టైటాన్ గడియారాల సంస్థను స్థాపించి ఇక్కడ కర్మాగారం నెలకొల్పాయి. గడియారాల తయారీలో ఈ సీమకు ఏ అనుభవమూ లేదు. పాఠశాల చదువు పూర్తిచేసిన యువతీయువకులను ఎంపిక చేసి, శిక్షణనిచ్చి, వెంట్రుకవాసి తేడా రాని సూక్ష్మమైన పని వారి చేత చేయించారు. ఆ సంస్థకు తొలి సారథి జెర్‌క్సెస్ దేశాయ్ గారు 2002లో బాధ్యతను భాస్కర్ భట్ గారికి, వారు 2019లో సి.కె. వెంకటరామన్ గారికి అప్పగించారు. ఒకప్పుడు సేద్యమే ఆధారమైన ఈ ప్రాంతపు బిడ్డల చేతుల్లో తయారైన గడియారాలు విదేశాల విపణులకు వెళ్లాయి.

ఈ నిదర్శనాలన్నిటిలోనూ మన పిల్లలు, తల్లిదండ్రులు గమనించవలసిన అంశం ఒకటుంది. అరవింద్ ఆసుపత్రిలో వైద్యుని పక్కన నిలిచే సహాయకురాళ్లు గ్రామాల నుండి వచ్చి, పన్నెండవ తరగతి తరువాత రెండేళ్ల శిక్షణ పొందిన ఆడపిల్లలు. హైదరాబాదు సంస్థ దృష్టి కేంద్రాలలో ఉన్నవారు పల్లె బడులలో చదివినవారు. విదేశీ వైద్యులు వేలాది మైళ్లు ప్రయాణించి వచ్చి చూసి ఆశ్చర్యపడినది ఈ పిల్లల పనితనాన్ని. మాతృభాషలో చదివినవారికి వృత్తివిద్య అబ్బదన్న అపోహను వారి చేతులే ఖండించాయి. ఇంగ్లీషు అక్కరలేదని నేను అనడం లేదు. అది నేర్చుకోవలసిందే. తమిళం మనం నివసించే నేల భాష, అదీ ప్రేమతో నేర్చుకోవలసిందే. కానీ పునాది తల్లిభాషలో పడినవాడు మిగిలిన భాషలను మేడలుగా కట్టుకొంటాడు. పునాది లేనివాడికి ఏ మేడా నిలవదు.

చివరిగా మన పాఠశాల సంగతి. రాష్ట్రాల పునర్విభజన 1956లో జరిగిన తరువాత సరిహద్దుకు ఈవల ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు ఇటువంటి బడులే భాషను నిలిపాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలు కొత్త సర్దుబాట్లు చేసుకోవలసి వచ్చింది. పదవ తరగతి పరీక్షలో మినహాయింపు కోసం న్యాయస్థానాల వరకు వెళ్లవలసి వచ్చింది. ఇంకొకవైపు, తల్లిదండ్రులు ఇంగ్లీషు మాధ్యమం వైపు మొగ్గుతున్నారు. ఒక తెలుగు ఉపాధ్యాయుడు విరమణ చేస్తే ఆ స్థానంలో మరొకరు వచ్చేదాకా తరగతి దిక్కులేనిదవుతుంది. కనుక నాయకత్వ మార్పు మనకు ఎక్కడో మదురైలో, హైదరాబాదులో జరిగే విషయం కాదు. ఈ బడి నూరేళ్ల పండుగ చేసుకొంటుందా లేదా అన్నది దాని మీదనే ఆధారపడి ఉంది.

అందుచేత మూడు సూచనలు వినయంగా మనవి చేస్తున్నాను. మొదటిది, ఇక్కడి అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు తాము పాఠం చెప్పే తీరును, రెండు భాషల నడుమ పెరిగే పిల్లలకు గుణింతాలు, ఒత్తులు అలవాటు చేసే ఉపాయాలను రాసి ఉంచాలి. ఆ పుస్తకం ఈ సంచికకంటే విలువైన ఆస్తి అవుతుంది. రెండవది, విరమణ చేయబోయే ప్రతి ఉపాధ్యాయుని పక్కన ముందుగానే ఒక యువ ఉపాధ్యాయుణ్ణి నిలపాలి. నియామకం ప్రభుత్వం చేతిలో ఉన్నా, తెలుగు చదివి పట్టా పొందిన మన పూర్వ విద్యార్థులను వారానికి ఒకరోజు తరగతికి రప్పించడం మన చేతిలోనే ఉంది. మూడవది, చుట్టుపక్కల ఉన్న ఇతర తెలుగు బడులకు మనకు తెలిసినది నేర్పాలి. వారికి నేర్పడానికి మనం సిద్ధపడిన రోజున మన లోపాలు మనకే కనిపిస్తాయి, మన బలమూ మనకే తెలుస్తుంది.

చిన్నారులారా! మీలో కొందరు వైద్యులవుతారు, కొందరు కర్మాగారాల్లో నిపుణులవుతారు, కొందరు దేశాలు దాటుతారు. ఏ పని నేర్చినా ఇంకొకరికి నేర్పగలిగేంతగా నేర్చుకోండి. మీలో ఒక్కరైనా చదువు ముగించి ఇదే బడిలో సుద్దముక్క పట్టుకొని నల్లబల్ల ముందు నిలిస్తే, ఈ పాఠశాలను స్థాపించిన పెద్దల ఋణం తీరినట్లే.